పద్నాలుగో ఫ్లాటు సవరణ

మార్చి 3, మంగళవారం. మధ్యాహ్నం 2.10

ముప్ఫై నాలుగేళ్ళు జనన మరణాల నమోదు కార్యాలయంలో పనిచేశాను. రిటైరయ్యాక పదహారేళ్ళుగా ఈ బిల్డింగు సంఘానికి కార్యదర్శిని. రిజిస్టర్లు రాశాను గానీ డైరీ ఏనాడూ రాయలేదు. రిజిస్టరులో ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అని గడులుంటాయి. ఎందుకు అనే గడి ఉండదు, సవరణల పట్టీలో తప్ప. ఆ పట్టీ నింపాల్సిన అవసరం నాకు పెద్దగా రాలేదు. ఆదివారం నుంచి మాత్రం ఆ గడి లేక ఊపిరాడటం లేదు. అందుకే ఈ పుస్తకం. ఎవరికీ చూపించను.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆదివారం ఉదయం 10.40కి డిపోలో బస్సు దిగుతూ, మా ఇంట్లో ఉండే డ్రైవరమ్మ వెనక్కి పడింది. మెట్టు తడిగా ఉందట. తలకు దెబ్బ. 11.25కి ఆసుపత్రి. 1.15కి ఆపరేషన్. ప్రాణానికి భయం లేదన్నారు. మెలకువ వచ్చింది గానీ మాట రావడం లేదు. కుడిచెయ్యి లేవడం లేదు. మాట తిరిగి వస్తుందట, నెలలు పట్టవచ్చట.

నా మనవరాలు తను పనిచేసే కళ్ళద్దాల షాపులో లెన్సులు అరగదీసే చోటి నుంచి అలాగే పరుగెత్తింది. చేతులకు తెల్లటి పొడి. ఆసుపత్రి కౌంటరులో ఫారం ఇచ్చారు. అందులో "రోగికి మీరేమవుతారు" అని ఒక గడి.

"ఇద్దరం కలిసి ఉంటాం" అందట ఇది.

"అంటే?" అన్నాడు గుమస్తా.

"అంటే అంతే."

అతను "స్నేహితురాలు" అని రాసుకుని, స్నేహితులు సంతకం పెట్టడానికి వీల్లేదని డిపోకి ఫోన్ చేశాడు. పద్నాలుగేళ్ళ కిందట ఉద్యోగంలో చేరినప్పుడు ఆమె ఇచ్చిన నంబరు ఒకటే ఉంది. ఆమె అన్నగారిది.

మనవరాలు ఇంటికొచ్చి ఫారం నకలు నా ముందు పెట్టింది. ఆ గడి మీద వేలు పెట్టి చూపించింది.

గుమస్తాను తప్పుపట్టలేను. గడిలో ఏదో ఒకటి రాయాలి. నేనూ రాసేదాన్ని.


మార్చి 4

అన్నగారు వచ్చాడు.


మార్చి 5, గురువారం

సిమెంటు దుకాణం ఉందట. ఆరు గంటల ప్రయాణం దూరంలో ఊరు. పన్నెండేళ్ళుగా చెల్లెలి ముఖం చూడలేదు. చూడగానే మంచం పట్టుకుని ఏడ్చాడని మనవరాలు చెప్పింది. నిజంగానే ఏడ్చాడట. అది కూడా రాయాలి, ఒకవైపే రాస్తే లెక్క కాదు.

కన్నీళ్ళు తుడుచుకున్నాక వరండాలోకి పిలిచి మనవరాలితో, "చాలా చేశారు, థాంక్స్. ఇకనుంచి మా చెల్లెలికి మేమున్నాం. ఇరవయ్యో తారీఖున మా ఊరు తీసుకెళ్తున్నాం. మీరు ఊరికే తిరగొద్దు" అన్నాడట. సాయంత్రానికి వార్డు బల్ల మీద ఒక జాబితా. లోపలికి రానివ్వాల్సిన వాళ్ళ పేర్లు. మనవరాలి పేరు లేదు.

అక్కడితో ఆగలేదు. మా బిల్డింగుకు వచ్చి, సంఘం ప్రెసిడెంటును కలిసి, నివాసుల రిజిస్టరులోంచి పద్నాలుగో ఫ్లాటు పేజీకి ధ్రువీకరించిన నకలు రాయించుకుపోయాడు. రేపు ఎవరైనా గొడవ చేస్తే చూపించడానికి. తెలివైన మనిషి.

ఆ పేజీలో ఏముందో నాకు చూడకుండానే తెలుసు.

ఫ్లాటు 14. యజమాని: నేను. మనవరాలు, ఒకరు. అద్దెకున్న వ్యక్తి, ఒకరు. వృత్తి: బస్సు డ్రైవరు.

చేతిరాత నాది.


మార్చి 6, శుక్రవారం

లాయరమ్మ దగ్గరికి వెళ్ళాం. నా మనవరాలి కంటే చిన్నది. బల్ల మీద ఫైళ్ళ మధ్య సగం తిన్న రొట్టె.

"అమ్మా, ముందే చెప్తున్నా, ఆశ పెట్టుకోకండి. చట్టం వీళ్ళని నేరస్తులు కాదంది. ఏమవుతారో మాత్రం చెప్పలేదు. భార్య అని రాయలేం. భర్త అని అసలే రాయలేం."

"మరి ఏం రాస్తారు?" అంది మనవరాలు.

"ఒక సెక్షనుంది. ఎవరూ లేని ముసలివాళ్ళ కోసం పెట్టింది. రోగి తనంతట తాను చెప్పుకోలేని స్థితిలో ఉంటే, ఒకే ఇంట్లో ఇంటి సభ్యులుగా ఉన్నవాళ్ళు ఆమె తరఫున నిర్ణయం తీసుకోవచ్చు. రక్తసంబంధం అక్కర్లేదు. ఆ సందులోంచి దూరాలి మనం."

"దూరుతాం."

"ఇంటి సభ్యురాలని రుజువు కావాలి. ఏళ్ళ తరబడి మామూలుగా రాస్తూ వచ్చిన రికార్డయితే జడ్జిగారు కాదనలేరు. మీ బిల్డింగులో నివాసుల రిజిస్టరుంటుంది కదా?"

మనవరాలు నావైపు చూడలేదు. గోడ మీద క్యాలెండరు చూసింది.

లాయరమ్మ, తను ఫోన్ చేస్తే అన్నగారి లాయరు ఉదయమే పంపిన నకలు తీసి చదివింది. ముఖం మాడిపోయింది. "అద్దె మనిషి వేరు, ఇంటి మనిషి వేరు. ఇది చాలు వాళ్ళకి. ఎవరండీ ఈ మహానుభావుడు, ఇంత అందంగా రాశాడు?"

"నేనే" అన్నాను.

మధ్యాహ్నమే కోర్టులో పిటిషను వేసింది. విచారణ పద్ధెనిమిదో తారీఖు, బుధవారం, ఉదయం 11.


మార్చి 7, శనివారం

ఎందుకు అలా రాశానో ఇక్కడ నమోదు చేసుకోవాలి.

పదకొండేళ్ళ కిందట డ్రైవరమ్మ ఒక ట్రంకుపెట్టె, ఒక సైకిలుతో మా ఇంటికొచ్చింది. మనవరాలికి అప్పుడు ఇరవయ్యారు. దాని తల్లి, నా కూతురు, పోయినప్పటి నుంచీ నా దగ్గరే పెరిగింది. "అమ్మమ్మా, తను ఇక్కడే ఉంటుంది" అంది. నేను అమాయకురాలిని కాను. బి.ఏ. చదివాను, ఎం.ఏ. చదివాను, ముప్ఫై నాలుగేళ్ళు మనుషుల సంబంధాలు గడుల్లో రాశాను. ఏ గడిలోనూ పట్టని సంబంధాలు ఎన్ని ఉంటాయో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

అప్పుడు చట్టం వేరు. జైలుండేది. ఎవరో ఒకరు ఆకాశరామన్న ఉత్తరం రాస్తే చాలు, పోలీసులు ముందు చూసేది బిల్డింగు రిజిస్టరే. అందుకని "అద్దెకున్న వ్యక్తి" అని రాశాను. వాళ్ళని కాపాడటానికే రాశాను. పెద్దదాన్ని, ముందుచూపు ఉన్నదాన్ని. నా స్థానంలో ఎవరున్నా అదే రాసేవారు.

వాళ్ళని కాపాడటానికే.


మార్చి 8, ఆదివారం

రిజిస్టర్లన్నీ దించి చూశాను.

చట్టం మారి రెండేళ్ళ అయిదు నెలలు. ఆ రోజు నాకు బాగా గుర్తుంది. మా వీధి మలుపులో బస్సు హారను రెండుసార్లు మోగింది. అక్కడ హారను నిషిద్ధం, బోర్డు కూడా ఉంది. డ్రైవరమ్మ ఇంటికి రాగానే చీవాట్లు పెట్టాను. "సారీ మేడమ్, ఈ ఒక్కరోజుకి" అని నవ్వింది. మనవరాలు ఆ సాయంత్రం ఊరికే పాడుకుంటూ తిరిగింది. నేను తలుపు వేసుకుని సంఘం నీటి పంపుల పట్టీ రాసుకున్నాను.

నివాసుల రిజిస్టరును ప్రతి జనవరిలో కొత్త పుస్తకంలోకి ఎక్కించాలి. చట్టం మారాక మూడు జనవరులు వచ్చాయి. మూడుసార్లు నా చేత్తో "అద్దెకున్న వ్యక్తి" అని రాశాను. జైలు లేదు. ఉత్తరాల భయం లేదు. ఎవరూ నా చెయ్యి పట్టుకుని రాయించలేదు.

మొదటి ఎనిమిదిసార్లకు కారణముంది. చివరి మూడుసార్లకు?

ఇంకొకటి కూడా రాయాలి. మా ఇంట్లో మూడు గదులు. ముందుగది నాది, వెనకగది వాళ్ళది. మధ్యగదిని "అద్దె గది" అని చెప్పేదాన్ని. అందులో ఎవరూ ఏనాడూ పడుకోలేదు. ఆమె సైకిలూ, మనవరాలి పాత పుస్తకాలూ ఉంటాయి. ఎవరైనా చుట్టాలు వస్తున్నారంటే ఆ మంచం మీద పుస్తకాలు తీసి, దుప్పటి పరిచి, మళ్ళీ చేత్తో నలిపేదాన్ని. పడుకుని లేచినట్టు.

వాళ్ళు అడగలేదు. నేనే నలిపేదాన్ని.


మార్చి 9, సోమవారం

ఉదయం టీ దగ్గర మనవరాలు మెల్లగా అంది.

"అమ్మమ్మా, ఒక్క పేజీ. కొత్తగా రాసెయ్యి. ఈ ఏడాది పుస్తకంలో ఒక్క పేజీ. అదే సిరా, అదే చెయ్యి. వాళ్ళ నకలు రాయడంలో తప్పు దొర్లిందందాం. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది."

"నీకు తెలిస్తే ఏమవుతుంది?"

"దొంగ పేజీ అవుతుంది."

"ఇప్పుడున్నది దొంగ పేజీ కాదా?" అంది.

జవాబు లేనప్పుడు నేను గొంతు పెంచుతాను, అది నా చెడ్డ అలవాటు. రికార్డు అంటే ఆటబొమ్మ కాదన్నాను. ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్క పేజీ చించలేదన్నాను.

"అవును, నీ పేజీలు చిరగవు. మేమే చిరుగుతాం" అని గ్లాసు సింకులో పెట్టి వెళ్ళిపోయింది.


మార్చి 10

మనవరాలు తన టీ తనే పెట్టుకుంది.


మార్చి 11, బుధవారం

నేనే ఆసుపత్రికి వెళ్ళాను. మూడు నుంచి మూడుంపావు వరకు చూసే వేళ. వార్డు బల్ల దగ్గర అన్నగారు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"మీరు…?"

"పద్నాలుగో ఫ్లాటు యజమానిని."

"ఓ, ఇంటి ఓనరుగారా! రండమ్మా, రండి. పెద్దవారు శ్రమపడి వచ్చారు." జాబితాలో నా పేరు తనే రాశాడు.

నా అబద్ధం పుణ్యమా అని లోపలికి పోగలిగాను. నిజం చెప్పిన మనవరాలు గేటు బయట నిలబడి ఉంది.

తలకు కట్టు. ఒక పక్క జుట్టు తీసేశారు. నన్ను చూడగానే మంచం మీద నిటారుగా కూర్చోబోయింది. పదకొండేళ్ళుగా నేను గదిలోకి వస్తే అలాగే చేస్తుంది. "పడుకోవే, ఏం పరేడా ఇది?" అన్నాను. ఎడమపక్క పెదవి నవ్వింది.

నా సంచిలో ఎప్పుడూ ఒక పెన్సిలుంటుంది. ఆమె ఎడమచేతిలో పెట్టి మందుల చీటీ వెనక్కి తిప్పాను. చాలాసేపు పట్టింది. వంకర గీతలు. ఒకటి. నాలుగు. కిందకి వచ్చి మళ్ళీ ఒకటి, నాలుగు. మూడోసారి కూడా.

"ఆ నంబరేంటి?" అన్నాడు అన్నగారు నా భుజం మీదుగా వంగి.

"మా ఇంటిది."

"పాపం, అలవాటై ఉంటుంది."

"పదకొండేళ్ళ అలవాటును ఇల్లు అంటారు నాయనా."

అతను కుర్చీ వెనక్కి జరిపాడు. గొంతు తగ్గించి అన్నాడు. "చూడండమ్మా, మీరు పెద్దవారు. మా వాళ్ళకి తెలుసు ఇది ఏం సంగతో. నాకూ తెలుసు. నేను దాన్ని కొట్టేవాణ్ణి కాదు, తిట్టేవాణ్ణి కాదు. తీసుకెళ్ళి బాగా చూసుకుంటా. కానీ అక్కడ ఈ గొడవ ఉండదు. నలుగురిలో తలెత్తుకోవాలి కదా?"

డాక్టరు దగ్గరికి వెళ్ళి అడిగాను. రోగి తనకు తానుగా నిర్ణయం చెప్పగల స్థితికి రావడానికి మూడు నెలలు పట్టవచ్చన్నారు. అంకెలు రాస్తోంది కదా అన్నాను. అంకెలు సమ్మతి కావన్నారు.

మూడుంపావుకి గంట కొట్టారు. చీటీ మడిచి తెచ్చుకున్నాను. ఇదిగో, ఈ పుట మధ్యలో పెడుతున్నాను.

గేటు దగ్గర మనవరాలికి చూపిస్తే పట్టుకుని అలాగే నిలబడింది. బస్సులో ఇంటికొచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు.


మార్చి 12, గురువారం

సంఘం నియమాలు రాసింది నేనే. నియమం 22: నమోదులో తప్పుంటే పేజీ చించరాదు, చెరపరాదు, అతికించరాదు. తప్పు మీద ఒకే ఒక్క గీత, పాత మాట కనబడేలా. సరైన మాట ఎర్ర సిరాతో. సవరణల పట్టీలో కారణం. రాసినవారే సర్వసభ్య సమావేశంలో పైకి చదవాలి. ఆ ఇంటితో సంబంధం లేని ఇద్దరు నివాసులు సాక్షి సంతకాలు చేయాలి. మూడురోజుల ముందు నోటీసు.

ఆఫీసు రోజుల్లో నేర్చుకున్నదే. కొట్టేసింది కనబడాలి. కనబడకపోతే అది సవరణ కాదు, దొంగతనం.

ఉదయం 9.05కి లిఫ్టు పక్క బోర్డు మీద నోటీసు అంటించాను. ఆదివారం 11 గంటలకు ప్రత్యేక సమావేశం. విషయం: ఫ్లాటు 14 నమోదులో సవరణ.

9.30కి ప్రెసిడెంటు వచ్చాడు. రిటైరైన పళ్ళ డాక్టరు. మెత్తటి మనిషి, ఏది అడిగినా "చూద్దాం" అంటాడు.

"ఎందుకండీ మేడమ్ ఈ అల్లరి? ఆ నకలిచ్చింది నేనే, నాకూ బాధగానే ఉంది. మీరు ఊ అంటే ఆ పేజీ నేనే చింపేస్తాను. తడిసిపోయిందని రాసుకుందాం, నకలులో పొరపాటు నాదేనంటాను."

"ఎక్కడ తడిసింది?"

"ఎక్కడో ఒకచోట తడుస్తుందిలెండి!"

"నలభై ఏళ్ళు జనానికి పుచ్చిపళ్ళు పీకారు కదా. ఎప్పుడైనా పక్క పన్ను పీకి పుచ్చిన పన్నే పీకానని రాశారా?"

"రామరామ!"

"మరి?"

"అది కాదండీ. మీ పరువు. ఈ బిల్డింగులో అందరూ మిమ్మల్ని…"

"రిజిస్టరమ్మ అంటారు. తెలుసు. ఆదివారం రండి."


మార్చి 13, శుక్రవారం

పనికి పోతూ నోటీసు చూసి మనవరాలు మెట్లెక్కి వెనక్కొచ్చింది. సంతోషంతో వచ్చిందనుకున్నాను.

"నన్నడిగావా?" అంది.

"ఏమడగాలి?"

"ఇరవై నాలుగు ఫ్లాట్ల వాళ్ళ ముందు నా సంగతి, తన సంగతి చదవబోతున్నావు. నన్నడిగావా? తనకైతే అడిగితే చెప్పడానికి నోరు లేదు. పదకొండేళ్ళు మమ్మల్ని దాచేటప్పుడు అడగలేదు. ఇప్పుడు బయటపెట్టేటప్పుడూ అడగలేదు. అన్నీ నీ రూళ్ళే!"

కుర్చీలో కూర్చుండిపోయాను. నిజమే. అడగలేదు. అడగాలని తోచనైనా లేదు.

"నోటీసు తీసేస్తాను" అన్నాను. లేచాను కూడా.

"కూర్చో."

కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. కింద దర్జీ ఆవిడ మిషను చప్పుడు వినబడుతోంది. అప్పుడు పర్సులోంచి ఆ చీటీ తీసింది. నిన్న ఈ పుట మధ్యలోంచి తీసుకున్నట్టుంది. డైరీ చదివిందేమో. అడగలేదు.

"తనైతే ఏమంటుందో తెలుసు నాకు" అంది. "హారన్ కొట్టమంటుంది."

"అయితే?"

"అయితే చదువు. కానీ మాట మింగకూడదు. 'కలిసి ఉంటున్నారు', 'ఆప్తులు', 'తోడు'... అలా నానబెట్టి చదవొద్దు. నువ్వు చదివే కాగితంలో సరైన మాట ఉండాలి."

"ఏ మాట?"

"నువ్వు ఎం.ఏ. చదివావుగా" అని వెళ్ళిపోయింది.

జంట.

రాశాను. పైకి అనబోయాను. డెబ్భై నాలుగేళ్ళొచ్చాయి, ఒక్క మాటకి దగ్గొచ్చింది.


మార్చి 14

ఏడుసార్లు పైకి చదివాను. ఏడోసారి దగ్గు రాలేదు.

మధ్యగదిలో మంచం తీయించి సైకిలుకు చోటు చేశాను.


మార్చి 15, ఆదివారం

కింద పార్కింగులో కుర్చీలు వేశారు. ఇరవై నాలుగు ఫ్లాట్లలో పందొమ్మిది ఫ్లాట్ల వాళ్ళు వచ్చారు. నీటి పన్ను సమావేశానికి తొమ్మిది మించలేదు.

మనవరాలు మొదటి వరసలో కూర్చుంది. నిటారుగా.

11 గంటలకు నిలబడి చదివాను. "ఫ్లాటు 14. 'అద్దెకున్న వ్యక్తి' అన్న నమోదు తప్పు. నమోదు చేసిన రోజునే అది తప్పని నాకు తెలుసు. పదకొండుసార్లు అదే రాశాను. సరైన నమోదు: ఇంటి సభ్యురాలు. నా మనవరాలూ ఆవిడా జంట. పదకొండేళ్ళుగా ఈ ఇంట్లోనే ఉంటున్నారు."

దగ్గు రాలేదు.

ఇరవై రెండో ఫ్లాటు బీమా ఏజెంటు లేచాడు. "అంటే ఇన్నాళ్ళూ మా పక్కన… పిల్లలున్న బిల్డింగండీ ఇది!"

"ఉన్నారు. మీ చిన్నవాడికి సైకిలు నేర్పింది ఎవరు?"

"అది వేరే సంగతి."

"ఎవరని అడిగాను."

"డ్రైవరాంటీ" అంది వాళ్ళావిడ వెనక నుంచి. అతను వెనక్కి తిరిగి చూశాడు. ఆవిడ పైకి చూస్తూ కూర్చుంది.

"ఇవన్నీ ఇంట్లో పెట్టుకోవచ్చుగా, రిజిస్టరుకెక్కించడం ఎందుకు?" అన్నారు ఎవరో.

"మీ పెళ్ళి ఎక్కించానుగా? మీకు కవలలు పుడితే రెండు గీతలు గీసి మరీ ఎక్కించాను. అప్పుడు ఇంట్లో పెట్టుకోమన్నానా?"

నవ్వారు కొందరు. నవ్వనివాళ్ళు ఎక్కువే. నలుగురు లేచి వెళ్ళిపోయారు. వెళ్ళినవాళ్ళ ఫ్లాట్ల నంబర్లు రాసుకోబోయి మానుకున్నాను.

"అద్దెకుండేదనే కదా మాకు చెప్పారు. ఇప్పుడు కోర్టు కోసం మాట మారుస్తారా?" అన్నాడు ఏజెంటు మళ్ళీ.

"అద్దె ఇచ్చినట్టు ఒక్క రశీదు చూపించండి. ఈ బిల్డింగులో నేను రశీదు రాయకుండా బక్కెటు నీళ్ళయినా ఇచ్చానా?"

దానికి మాత్రం అందరూ ఒప్పుకున్నారు.

"సాక్షులు ఇద్దరు కావాలి" అన్నాను.

ఎవరూ కదల్లేదు. పార్కింగులో ఎక్కడో కుళాయి కారుతోంది. గడియారం చూశాను. 11.26. పళ్ళ డాక్టరు తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.

కింది అంతస్తు దర్జీ ఆవిడ లేచి చేతులు కొంగుకు తుడుచుకుంది. "నేను పెడతా. నాకు జ్వరమొచ్చినప్పుడు ఆ ఇద్దరూ వచ్చి వండిపెట్టి పోయారు. ఒకరు తరుగుతుంటే ఒకరు దెబ్బలాడుతున్నారు, ఇంత సన్నగా ఎందుకని. మా ఆయనా నేనూ అట్లాగే ఉండేవాళ్ళం. అప్పుడే అనుకున్నా. మీ పుస్తకం చూసి తెలుసుకోవాల్నా నాకు?"

సంతకం పెట్టింది.

11.31. రెండో సంతకం లేదు.

అప్పుడు వెనక నుంచి కర్ర చప్పుడు. ఏజెంటు తల్లి. పంపు వంతుల దగ్గర నాకూ ఆవిడకూ తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు.

"అమ్మా, నువ్వు కూర్చో, నీకు సరిగ్గా వినబడదు" అన్నాడు కొడుకు.

"నాకు కావలసింది వినబడుతుంది." నా ముందుకొచ్చి నిలబడింది. "ఈవిడ మహా మొండిది. మా నీళ్ళు అయిదు నిమిషాలు తగ్గించి, తగ్గించానని నా ముఖం మీదే చెప్పింది. రాసి గోడకంటించింది కూడా. ఇన్నేళ్ళలో ఒక్క అబద్ధం దొరుకుతుందేమోనని చూశాను, దొరకలేదు. ఇవాళ తనే ఒకటి ఆడానని నిలబడి చెప్తోంది. నమ్మక చస్తానా? ఎక్కడ పెట్టాలి?"

వేలు పెట్టి చూపించాను.

"పెట్టాను కదా అని పంపు సంగతి మర్చిపోయాననుకోకు" అంది.

"అనుకోను" అన్నాను.

పదకొండు పుస్తకాల్లోనూ ఆ మాట మీద ఒక్కో గీత గీశాను. సవరణల పట్టీలో కారణం గడి మిగిలింది. "పొరపాటు" అని రాయబోయాను. ఒక ప అక్షరం పడింది కూడా. దాని మీద ఒక్క గీత గీసి, పక్కన ఎర్ర సిరాతో "రాసినవారి సిగ్గు" అని రాశాను. మనవరాలు నా భుజం దగ్గర నిలబడి చూస్తోంది.

"చేతిరాత బావుంది" అంది. రెండు వారాల్లో మొదటిసారి పళ్ళు కనబడేలా నవ్వింది.


మార్చి 18, బుధవారం

అన్నగారి లాయరు గొంతు పెద్దది. "మూడురోజుల కిందటి సవరణండీ ఇది! కేసు కోసం వండిన వంట!"

జడ్జిగారు కళ్ళజోడు పైకి నెట్టుకుని నన్ను బోనులోకి పిలిచారు. "ఏమంటారు?"

"కేసు కోసం రాసేదాన్నయితే కొత్త పేజీ రాసేదాన్నండీ. అది నాకు పది నిమిషాల పని, నకలు రాయడంలో తప్పు దొర్లిందంటే ఎవరూ కనిపెట్టలేరు. నా అబద్ధం నేనే మీకు కనబడేలా ఎందుకుంచుతాను?"

ఆయన పేజీని వెలుగుకు పట్టి చూశారు. కొట్టేసిన మాట చదివారు. పదకొండు పుస్తకాలు వరసగా తెరిపించారు, అన్నిట్లో అదే మాట, అన్నిట్లో ఒకే గీత.

"కారణం అన్నచోట సిగ్గు అని రాశారు. ఇదొక కారణమా?"

"ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో వేల సవరణలు చూశానండీ. అందరూ పొరపాటు అనే రాస్తారు. అందులో సగం పొరపాట్లు కావు."

"చట్టానికి భయపడి అనొచ్చుగా?"

"మొదటి ఎనిమిదేళ్ళకు అనొచ్చు. చివరి మూడేళ్ళకు అంటే మళ్ళీ సవరణ చేయాల్సొస్తుంది."

కోర్టు గుమస్తా తల వంచుకుని నవ్వాపుకున్నాడు.

ఉత్తర్వు 12.40కి. తుది విచారణ జూన్ 17. అప్పటిదాకా రోగిని ఊరు దాటించకూడదు. మనవరాలు తాత్కాలికంగా ఇంటి సభ్యురాలు, సంతకాలు ఆమెవి. అన్నగారు వారానికి రెండుసార్లు చూడవచ్చు. జూన్‌లో రోగి మాట వింటారు, నోటితోనో చేత్తోనో.

లాయరమ్మ లేచి, జంట అన్న మాట కూడా ఉత్తర్వులో చేర్చమని అడిగింది. జడ్జిగారు తల ఊపారు, అడ్డంగా. "ఆ మాట రాసే అధికారం ఈ కోర్టుకు చట్టం ఇవ్వలేదు."

"నా రిజిస్టరులో ఉందండీ" అన్నాను. బోను దిగమని ఎవరూ చెప్పలేదు కదా.

"చూశాను" అన్నారు. "ఆ పేజీని ఒకటో నంబరు రుజువుగా యథాతథంగా రికార్డుకెక్కించండి" అని గుమస్తాకు చెప్పి తర్వాతి ఫైలు తీశారు.

యథాతథంగా. ఆ మాట విలువ నాకు తెలుసు.

బయట మెట్ల మీద అన్నగారు నిలబడి ఉన్నాడు. చెమట తుడుచుకుంటున్నాడు.

"మా ఊళ్ళో నేనేం చెప్పుకోనమ్మా?"

"నేను చెప్పుకున్నట్టు చెప్పు. పగలు పదకొండింటికి, అందరి ముందు. మొదట కాస్త దగ్గొస్తుంది. ఏడుసార్లు అనుకుంటే పోతుంది."

అతను నవ్వలేదు. కోప్పడనూ లేదు. "బుధవారం, ఆదివారం వస్తా" అన్నాడు.


మార్చి 19, గురువారం. ఉదయం 10.15

డాక్టరు 26న ఇంటికి పంపుతామన్నారు. మనవరాలు ఫారంలో సంతకం పెట్టి వచ్చింది. "రోగికి మీరేమవుతారు" అన్న గడిలో ఏం రాశావని అడిగాను. కోర్టు రాయమన్నది రాసి, పక్కన మన మాట కూడా రాశానంది. గుమస్తా గడి సరిపోదన్నాడట. గీత దాటి రాశానంది. నేను నేర్పిన పిల్ల గీత దాటి రాసింది. టీ పెట్టి ఇచ్చాను.

ఇకపై జరగవలసినవి:

1. 26లోగా స్నానాల గదిలో ఎడమపక్క పట్టుకునే కడ్డీ బిగించాలి. వెనకగది గడప తీయించాలి.

2. డిపోకు వెళ్ళి, ఆమె సర్వీసు పుస్తకంలో అత్యవసర నంబరు మార్పించాలి. ఆమె ఎడమచేతి సంతకం పనికిరాదంటే నియమం చూపించమనాలి. నియమం లేకుండా మాటలు చెప్పేవాళ్ళను నేను చాలామందిని చూశాను.

3. రోజూ ఉదయం 9 నుంచి 10 వరకు మాట నేర్పించాలి. మనవరాలు పనిలో ఉంటుంది కనుక నేనే.

4. బుధ, ఆదివారాల్లో అన్నగారికి టీ ఇవ్వాలి. కుర్చీ ఆమె మంచం పక్కన వేయాలి, గుమ్మం దగ్గర కాదు.

5. నాలుగు ఫ్లాట్లవాళ్ళు మెట్ల మీద ముఖం తిప్పుకుంటున్నారు. నేను రోజూ నమస్కారం పెట్టాలి. ఎవరు ముందు అలసిపోతారో చూడాలి.

6. పంపు వంతుల పట్టీ మళ్ళీ లెక్క వేశాను. ఇరవై రెండో ఫ్లాటుకు అయిదు నిమిషాలు నిజంగానే తక్కువ వచ్చాయి, అది కూడా సవరించాలి. ఆవిడ సంతకానికి బదులుగా కాదు. తప్పు గనుక.

7. ఏదైనా చేసే ముందు వాళ్ళిద్దర్నీ అడగాలి. ఇది నాకు కష్టం. అందుకే రాసిపెట్టుకుంటున్నాను.

8. జూన్ 17, ఉదయం 11. ఆమె ఇంటి నంబరు తనే చెప్పాలి. నోరు రాకపోతే చేత్తో రాయాలి. పెన్సిలు నా సంచిలో ఉంది.

9. వచ్చే జనవరిలో కొత్త పుస్తకం. పద్నాలుగో ఫ్లాటు పేజీ మనవరాలు రాయాలి. నేను పక్కన కూర్చుంటాను. నోరు తెరవను.

10. పదకొండేళ్ళుగా ఆమె నన్ను మేడమ్ అంటోంది. మరోలా పిలవమని నేను ఏనాడూ చెప్పలేదు. అది మానాలి. ఏమని పిలవాలో ఆమే తేల్చుకోవాలి, మాట వచ్చాక. తొందరేమీ లేదు, ఇంట్లోనే ఉంటుంది.